ఇల్లు లేదని చూపించడానికి ఏడాది పట్టింది

2024 సెప్టెంబరు 1 దాకా మేం విజయవాడ అజిత్‌సింగ్ నగర్‌లో ఉండేవాళ్లం. ఆ ఆదివారం బుడమేరు వాగు పొంగి మా వీధిలోకి వచ్చింది. మాది కింది పోర్షన్, నడుం లోతు నీళ్లు, వారం దాటినా పూర్తిగా తీయలేదు. నా కుట్టు మిషను, ఫ్రిజ్, పిల్లల పుస్తకాలు, సందులో పెట్టిన మా ఆయన ఆటో, అన్నీ అందులోనే. మునిగిన కింది అంతస్తు ఇళ్లకి ప్రభుత్వం 25 వేలు, పై అంతస్తు వాళ్లకి 10 వేలు ఇచ్చింది. మాకు పడిన 25 వేలు ఆటో ఇంజను విప్పించి కట్టించడానికి, ఒక పాత మిషను కొనడానికి సరిపోయాయి, ఇక ఇల్లు మారడానికి ఏమీ మిగల్లేదు.

అప్పటిదాకా మా అద్దె 4,500. వరద తర్వాత అదే వీధిలో పై పోర్షన్ అడిగితే 7,500 అన్నారు, అడ్వాన్సు రెండు నెలలది. కిందవి మాత్రం గోడల మీద మరక అలాగే ఉండగానే పాత అద్దెకే ఇస్తామని పిలిచి మరీ చెప్పారు. మా చిన్నది ఆ మరక చూస్తే లోపలికి రానంది. చివరికి వన్‌టౌన్‌లో గొల్లపాలెం గట్టు ఎక్కాం. విజయవాడ కొండల మీద అద్దెకి ఒక లెక్క ఉంది, మెట్లు పెరిగేకొద్దీ అద్దె తగ్గుతుంది. నూట పన్నెండు మెట్ల తర్వాత మాకు 3,800కి ఒకటిన్నర గది దొరికింది. గ్యాస్ బండ పైకి తెచ్చే అబ్బాయికి విడిగా 50 ఇవ్వాలి, మంచినీళ్ల టిన్ను మా ఆయన భుజం మీద. వరదకి ముందు రోజే మొగల్రాజపురంలో కొండ రాళ్లు ఇళ్ల మీద పడి మనుషులు పోయారు, అది తల్చుకుని వాన పడిన రాత్రుళ్లు ఆయన నిద్రపోడు.

అప్పుడు మొదలైంది నాకీ పిచ్చి, ప్రభుత్వం తక్కువ అద్దెకి ఇచ్చే ఇల్లు ఎక్కడైనా ఉందేమో చూడాలని. దానికి కారణం మా పెద్దమ్మ కొడుకు. వాడు సూరత్‌లో మగ్గాల మీద పనిచేస్తాడు. ఫోన్లో మాట్లాడుతూ, "అక్కా, ఇక్కడ ఖాళీగా పడున్న సర్కారు ఇళ్లు బాగుచేసి కూలీలకి అద్దెకిస్తున్నారు, మీ దగ్గర లేవా?" అన్నాడు. మా మరిది కొడుకు డిగ్రీ చదువుతున్నాడు, వాడిని వెతకమన్నాను. నిజమే. 2020 జులైలో కేంద్రం తెచ్చిన పథకం అది, జేఎన్ఎన్‌యూఆర్ఎం అని టౌన్ల కోసం కేంద్రం నడిపిన పాత పథకంలో కట్టిన ఇళ్లలో ఎవరూ చేరకుండా మిగిలినవాటిని అద్దె ఇళ్లుగా మార్చడం ఒక దారి, కంపెనీలు, సంస్థలు తమ సొంత స్థలంలో కొత్తగా కట్టి అద్దెకివ్వడం ఇంకో దారి. సూరత్, అహ్మదాబాద్, చండీగఢ్‌లో మొదటి రకం నడిచింది. 2024లో వచ్చిన ప్రధానమంత్రి ఆవాస్ యోజన అర్బన్ 2.0లో కూడా నాలుగు భాగాలుంటే ఒకటి అద్దె ఇళ్లదే. చదివి నేను చాలా సంబరపడ్డాను. మా ఊళ్లో కూడా జక్కంపూడిలో జేఎన్ఎన్‌యూఆర్ఎం బ్లాకులు ఉన్నాయి కదా, ఒక గది ఇవ్వకపోతారా అనుకున్నాను.

2025 ఫిబ్రవరిలో వార్డు సచివాలయానికి వెళ్లాను. అక్కడున్న అమ్మాయి మంచిదే, పాతికేళ్లుంటాయి, నన్ను అక్కా అనే పిలిచింది. నేను అద్దె ఇల్లు అనగానే, "అద్దెకా? ఇక్కడ అద్దెకి పెట్టుకోడానికి ఏం లేదక్కా. స్థలం ఉందా మీకు?" అంది. ఈ ఏడాదిలో నేను విన్న మాటల్లో ఎక్కువసార్లు విన్నది ఇదే, స్థలం ఉందా. స్థలం ఉంటే ఇల్లు కట్టుకోడానికి కేంద్రం లక్షన్నర, రాష్ట్రం లక్ష, మొత్తం రెండున్నర లక్షలు వస్తాయట. స్థలం ఉంటే నేను నూట పన్నెండు మెట్లు ఎందుకెక్కుతానమ్మా అన్నాను. నవ్వి, స్థలం లేనివాళ్లకి టౌన్లలో రెండు సెంట్లు, పల్లెల్లో మూడు సెంట్లు ఇస్తామని ప్రభుత్వం చెప్పింది, దానికి పెట్టుకోండి, దాంతోపాటు ఆవాస్ యోజనలో పేరు కూడా ఎక్కించుకోండి, ఫ్లాట్లు వస్తే అందులోంచి చూస్తారు, అని చెప్పింది. అద్దె ఇల్లు అడగడానికి వెళ్లిన నేను సొంతింటి దరఖాస్తుతో బయటికొచ్చాను. ఎందుకు నవ్వొచ్చిందో తెలీదు కానీ మెట్లెక్కుతూ నవ్వుకున్నాను.

మధ్యలో ఒక సంగతి చెప్పాలి. ఊరి అంచున ఒక ప్రభుత్వ కాలనీ ఉంది, పేరు రాయను. మా ఆయన ఆటో ఎక్కిన ఒకాయన మా కష్టం విని, అక్కడ తనకి ఇల్లు అలాట్ అయింది, తను ఉండడం లేదు, 3,000కి ఇస్తానన్నాడు. వెళ్లి చూశాం. హాలు, ఒక పడకగది, వంటిల్లు, బాత్రూం, మూడో అంతస్తు, గాలి వెలుతురు బ్రహ్మాండంగా ఉన్నాయి. నేను మనసులో మిషను ఎక్కడ వేసుకోవాలో కూడా చూసేసుకున్నాను. అగ్రిమెంటు రాసుకుందామా అంటే ఆయన ఇబ్బందిగా చూశాడు. "కాగితాలేం వద్దమ్మా. ఎవరైనా వచ్చి అడిగితే మా చెల్లెలు వాళ్లు అని చెప్పండి చాలు." మా ఆయన సరే అనేశాడు. నేనే వద్దన్నాను. ఇదేదో నీతి కాదు, నిజం చెప్పాలంటే మూడు రాత్రులు ఊగాను. కాగితం లేకపోతే ఆ అడ్రస్సు మీద ఆధార్ మారదు, రేషన్ కార్డు రాదు, రేపు నిజంగా ఏదైనా ఇచ్చేరోజు నేను ఏ వార్డు మనిషిని అంటే చెప్పలేను. పైగా ఇల్లు వచ్చినవాడు అద్దెకిచ్చి తింటుంటే, ఇల్లు రాని నేను వాడికి చెల్లెల్ని అవ్వాలా. ఆ మాట గొంతులో అడ్డం పడింది.

సరే, దరఖాస్తు. ఆ అమ్మాయి నా ఆధార్ నంబరు కొట్టింది, కాసేపు స్క్రీన్ చూసింది. "అక్కా, మీకు ఇల్లు ఉన్నట్టు వస్తోంది." ఎక్కడమ్మా అంటే మైలవరం దగ్గర మా అత్తగారి ఊరు పేరు చదివింది. మా పేర్లు ఇంకా మామయ్య రైస్ కార్డులోనే, అంటే రేషన్ కార్డులోనే ఉన్నాయి, పెళ్లయిన పదమూడేళ్ల నుంచి. మామయ్యకి ఎప్పుడో ఇందిరమ్మ ఇల్లు మంజూరైంది. లెక్క ప్రకారం మేమందరం ఒకే కుటుంబం, ఆ కుటుంబానికి ఇల్లు ఇచ్చేశారు. కేంద్రం పథకంలో కూడా గత ఇరవై ఏళ్లలో ఏ ప్రభుత్వ ఇల్లూ పొంది ఉండకూడదని షరతు. అందులో భార్యాభర్తలు, పెళ్లికాని పిల్లలు ఒక కుటుంబం, కాబట్టి మామయ్య ఇల్లు మాకు అడ్డు కాకూడదు. కానీ కార్డులో అందరం కలిసి ఉంటే కంప్యూటర్‌కి ఆ తేడా తెలియదు కదా. కార్డు విడగొట్టుకుని రండి అంది. అప్పటికి కొత్త కార్డులు, విడగొట్టడాలు తీసుకోవడం లేదు. మే 7 నుంచి మళ్లీ మొదలుపెట్టారు.

కార్డు విడగొట్టాలని ఇంట్లో చెప్పడం ఆఫీసు పని కన్నా కష్టమైంది. అత్తయ్య అన్నం వడ్డిస్తూ వింది, మజ్జిగ పోయడం ఆపేసింది. "ఏమ్మా, మేం బతికుండగానే వేరు పడతారా?" అంది. వేరు కుంపటి కాదు అత్తయ్యా, కాగితం మీదే, అని చెప్పాను. ఆమెకి కాగితం, కుంపటి ఒకటే. ఊళ్లో ఎవరో కార్డులో పేర్లు కదిపితే పింఛను పోతుందని కూడా చెప్పారట, మామయ్యకి నెలకి 4,000 వస్తుంది, అదే వాళ్ల మందులు. ఆయన మాత్రం ఏమీ అనలేదు, రాత్రి మంచం మీద పడుకుని, "పెట్టుకోనియ్యవే, వాళ్లకో గూడు వస్తే మంచిదే కదా" అన్నాడు. పొద్దున్నే అందరం కలిసి గ్రామ సచివాలయానికి వెళ్లాం. వేలిముద్రలు. మామయ్యవి అరిగిపోయాయి, నాలుగు వేళ్లూ పడలేదు, చివరికి కళ్లతో తీసుకున్నారు. పెళ్లి సర్టిఫికెట్ కావాలని ఒకరు, అక్కర్లేదని ఇంకొకరు, మేం పదమూడేళ్ల కిందటి శుభలేఖ కూడా సంచిలో పెట్టుకుని వెళ్లాం, అది చూసి అత్తయ్య మళ్లీ కాస్త మెత్తబడింది. టీతో మొదలయ్యే నంబరు ఒకటి రాసిచ్చారు. ఇరవై ఒక్క రోజులు అన్నారు. (వాళ్ల పింఛను ఏమీ కదల్లేదు, ఇది చదివేవాళ్లలో ఎవరైనా అదే భయంతో ఆగి ఉంటే తెలియాలని రాస్తున్నా.)

ఇరవై ఒక్క రోజులకి వచ్చింది కార్డు కాదు, అనర్హులు అని. కారణం: కరెంటు.

తెలియనివాళ్లకి చెప్తాను. మన రాష్ట్రంలో కార్డుకి ఆరు రకాలుగా వడపోత ఉంటుంది. టౌన్‌లో కుటుంబం ఆదాయం నెలకి 12 వేల లోపు ఉండాలి, పల్లెలో 10 వేలు. మాగాణి మూడెకరాలు, మెట్ట పదెకరాలు, రెండూ కలిపినా పది దాటకూడదు. కారు ఉండకూడదు, టాక్సీ, ఆటో, ట్రాక్టరుకి మినహాయింపు. ప్రభుత్వోద్యోగి, ఇన్‌కంటాక్స్ కట్టేవాళ్లు ఇంట్లో ఉండకూడదు. టౌన్‌లో వెయ్యి చదరపు అడుగుల ఇల్లు ఉండకూడదు. కరెంటు సగటున నెలకి 300 యూనిట్లు దాటకూడదు. ఆదాయం దగ్గర నాకు ఇప్పటికీ సంకోచమే, ఆటో సంపాదన ఎంత అంటే ఏ రోజు లెక్క చెప్పాలి? పెళ్లిళ్ల సీజన్‌లో రోజుకి 800 మిగుల్తాయి, ఆషాఢంలో డీజిల్ ఖర్చులు కూడా రావు. నేను చీరలకి ఫాల్ కుట్టి, పికో చేసినదీ అంతే. అడిగినాయనకి ఉన్నది ఉన్నట్టు చెప్పాను, ఆయనే సగటు కట్టుకున్నాడు. కానీ కరెంటు? మా గదిలో ఒక ఫ్యాను, రెండు లైట్లు, మిషను మోటారు.

విషయం ఏంటంటే, సింగ్ నగర్‌లో ఉన్నప్పుడు ఒకసారి కరెంటు మీటర్లకి ఆధార్ రాసుకుంటున్నాం అని ఒకబ్బాయి వచ్చాడు. ఓనరు గారు ఊళ్లో లేరు. ఎండలో వచ్చాడు పాపం అని మంచినీళ్లిచ్చి, నా ఆధార్ జిరాక్సు ఇచ్చాను. నా చేతులతో నేనే ఇచ్చాను. ఆ మీటరు మూడు పోర్షన్లకి ఒకటే, పైన ఓనరు గారింట్లో ఏసీ. నెలకి నాలుగు వందల చిల్లర యూనిట్లు, అదంతా నా పేరు మీద. వరద నీళ్లు పోయాయి, మేం పోయాం, మీటరు మాత్రం నన్ను వదల్లేదు.

నా ఆధార్ తీసేయించాలంటే కరెంటు ఆఫీసులో అర్జీ ఇవ్వాలి, మీటరు ఎవరి పేరున ఉందో ఆయన సంతకం కావాలన్నారు. ఓనరు గారి దగ్గరికి వెళ్లాను. ఆయన చెడ్డవాడేం కాదు, వరదలో మా పిల్లలకి పైన చోటిచ్చాడు, రెండు రోజులు వాళ్లింట్లోనే అన్నం తిన్నాం. కానీ కాగితం చూడగానే మొహం మారిపోయింది. "అద్దెకున్నారని నేను రాసిస్తే రేపు ఇంటిపన్ను పెంచుతారమ్మా. మూడు పోర్షన్లకి మూడు మీటర్లు పెట్టమంటారు." బాబాయ్ గారూ, అద్దెకున్నానని వద్దు, ఈవిడ ఇక్కడ ఉండడం లేదని రాయండి చాలు, అన్నాను. అది ఆయనకి నచ్చింది. ఉన్నానని ఎప్పుడూ రాయలేదు కాబట్టి, లేనని రాయడానికి ఇబ్బంది లేదు. నా ఎదురుగా కళ్లజోడు పెట్టుకుని నాలుగు లైన్లు రాసి సంతకం చేశాడు, కాఫీ కూడా ఇచ్చారు.

ఆ అర్జీ పట్టుకుని కరెంటు ఆఫీసుకి ఐదుసార్లు తిరిగాను. ఏ ఆఫీసో, ఎవరు తిప్పారో ఇక్కడ అనవసరం. ఒకరోజు సంబంధించిన సారు లేరు, ఒకరోజు సర్వర్ లేదు, ఒకరోజు ఇది ఇక్కడ కాదు సచివాలయంలో చేయాలి, సచివాలయంలో అది అక్కడే చేయాలి. నాలుగోసారి నేను ఏడవలేదు కానీ గొంతు పెద్దదైంది, బెంచీ మీద కూర్చున్న ముసలాయన ఒకరు, "అమ్మా, అర్జీ ఇచ్చి వెళ్లిపోతే ఎవరూ చేయరు, రెండో కాపీ మీద తీసుకున్నట్టు స్టాంపు వేయించుకో" అన్నాడు. అది పనిచేసింది. స్టాంపు పడిన కాపీ చూపించాక ఐదోసారి పది నిమిషాల్లో అయిపోయింది. ఎవరి దగ్గరికెళ్లినా ఆ కాపీ ముందు పెట్టడం అప్పట్నుంచి అలవాటైంది.

ఇంకో ముడి అడ్రస్సు. కార్డు గట్టు మీదకి మార్చాలంటే ఆధార్‌లో ఈ ఇంటి అడ్రస్సు ఉండాలి, దానికి అద్దె అగ్రిమెంటు కావాలి. గట్టు మీద అగ్రిమెంట్లు రాసుకునే అలవాటే లేదు, నోటిమాట మీద నడుస్తుంది. మా ప్రస్తుత ఓనరమ్మకి చదువు రాదు, స్టాంపు పేపరు చూస్తే ఇల్లు రాయించుకుంటున్నారేమోనని భయం. ఆవిడ కొడుకు రాత్రి షిఫ్టు చేసి వచ్చి నిద్రపోయేవాడు, వాడు లేచేదాకా మెట్ల మీద కూర్చున్నాను. పదకొండు నెలలకి, 100 రూపాయల స్టాంపు పేపరు మీద. ఆధార్ సెంటర్‌లో 50 తీసుకున్నారు. ఇదంతా కలిపి, జిరాక్సులు, ఫోటోలు, మైలవరం బస్సు ఛార్జీలు, మా ఆయన ఆటో తీయని రోజులు, ఐదు వేల పైనే అయింది. ఒక నెల అద్దె కన్నా ఎక్కువ.

ఆగస్టు చివర్లో కొత్త కార్డు వచ్చింది, ఏటీఎం కార్డంత, క్యూఆర్ కోడ్‌తో. నలుగురి పేర్లు, మా ఆయన, నేను, ఇద్దరు పిల్లలు. అత్తయ్యకి ఫోన్లో ఫోటో పంపాను. "ఫోటోలో నువ్వు బాగా చిక్కిపోయావు" అంది, అంతే.

తర్వాతది త్వరగానే జరిగింది. ఆవాస్ యోజన దరఖాస్తులో ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం అని, దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు లేదని చెప్పాలి, నలుగురి ఆధార్లు, ఆధార్‌తో లింకైన బ్యాంకు ఖాతా, ఆదాయం సర్టిఫికెట్, కులం సర్టిఫికెట్. ఓటీపీ వచ్చింది, చెప్పాను, అయిపోయింది. ఇంటి స్థలానికి విడిగా పెట్టారు. ఆ అమ్మాయే చేసింది. "ఇప్పుడు ఇల్లు లేనట్టే వస్తోందక్కా!" అని సంతోషంగా చెప్పింది, నేను కూడా హమ్మయ్య అన్నాను, అన్నాక ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

సెప్టెంబరులో పరిశీలనకి ఒకాయన వచ్చారు. మెట్లెక్కి వచ్చి గుమ్మం ముందు నిలబడి రొప్పుతూ మాట్లాడలేకపోయారు, మంచినీళ్లిచ్చాను. ఫోన్లో లొకేషన్ పడేలా మా నలుగుర్ని ఇంటి ముందు నిలబెట్టి ఫోటో తీసుకున్నారు. "సొంతం కాదు కదమ్మా?" అన్నారు. సొంతమైతే ఇంత పైన కట్టుకుంటామా సార్ అంటే నవ్వారు, రాసుకున్నారు. ఆ రోజు నుంచి నా దరఖాస్తు పరిశీలనలో ఉంది అనే చూపిస్తోంది. ప్రతి సోమవారం చూస్తాను. మా ఆయన చూడొద్దంటాడు, తను మాత్రం ఆటో స్టాండులో ఖాళీగా ఉన్నప్పుడు చూస్తాడని నాకు తెలుసు.

ఈలోగా ఓనరమ్మ కొడుక్కి పెళ్లి కుదిరింది, గది కావాలన్నారు. తప్పేముంది, వాళ్ల ఇల్లు. మేం చిట్టినగర్ వైపు చూస్తున్నాం. నిన్న ఒకటి చూశాం, ఇరవై మెట్లే, 5,000, పంపు నీళ్లు వస్తాయి. ఆ పెద్దాయన వంటిల్లు చూపిస్తున్నాడు, నేను బయటికొచ్చి గోడ మీద చూశాను, ఒకటే మీటరు. "ఈ మీటరుకి ఎవరి ఆధార్ ఇచ్చారు బాబాయ్ గారూ?" అని అడిగాను. ఆయనకి అర్థం కాలేదు. అద్దె సంగతి అడుగుతావనుకున్నానే అన్నాడు. అద్దె తర్వాత, ముందు ఇది చెప్పండి అన్నాను.